మూడు అంగీలు

దోహాలో అర పూట టూర్ తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది విమానం మారే ప్రయాణికులు. బిడ్డ పురిటికి అమెరికా పోతూ ఇక్కడ ఏడెనిమిది గంటలు ఆగాల్సి వచ్చిన అమ్మానాన్నలు, ఆఫీసు పని మీద వచ్చి మర్నాటి విమానం దాకా ఖాళీ దొరికిన ఇంజనీర్లు, అప్పుడప్పుడు కొత్తగా పెళ్ళయిన జంటలు. 2017లో మన పాస్‌పోర్టుకు ముందే వీసా తీసుకోవాల్సిన పని తప్పినప్పటి నుంచి ఎయిర్‌పోర్టు కుర్చీల్లో నడుం వాల్చే బదులు ధైర్యంగా ఊళ్ళోకి వస్తున్నారు. బండి నడిపేదీ నేనే, చూపించి చెప్పేదీ నేనే. తెలుగువాళ్ళయితే మా ఆఫీసు నన్నే పంపుతుంది. తెల్లచొక్కా, టై, మెడలో కార్డు మా డ్రెస్సు.

దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. నేషనల్ మ్యూజియం, కార్నిష్, సూక్ వాకిఫ్, కటారా, పెర్ల్, పొద్దు మిగిలితే లుసైల్. ఈ ఊరంటే నాకు ప్రేమ. బాల్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి మొదట ట్రక్కు తోలాను. తర్వాత చదివి, విని, కనపడ్డవాళ్ళనల్లా అడిగి ఒక్కో గోడ వెనక కథ నేర్చుకున్నాను. అది చెప్తుంటే ఎదుటి మనిషి నడక ఆపి నిలబడి విన్నాడంటే ఆ రోజు నాకు కడుపు నిండినట్టే.

2023 జనవరిలో ఒక రాత్రి ఫోన్ చేసిన మనిషి ప్రయాణికుడు కాదు. సనాయాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, క్యాంపులో ఉండే మనిషి. కోరుట్ల దిక్కు ఊరు.

"తమ్మీ, తెలుగోళ్ళకు ఊరు సూపెడ్తవట గదా. నాక్కూడ సూపెట్టాలె. ఒక్కన్నే అస్త. బండి మొత్తం నాకే గావాలె."

రేటు చెప్పాను. నాలుగు వందల రియాళ్ళు. ఇక్కడ కనీస జీతం 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ళు. కంపెనీ వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే మరో 300 దాని మీద ఇవ్వాలి. క్యాంపులో ఉండి మెస్సులో తినేవాళ్ళలో చాలామందికి చేతికొచ్చేది ఆ వెయ్యే. ఆఫీసుతో మాట్లాడి తగ్గిస్తానన్నాను.

"వద్దు తమ్మీ. అందరి కాడ ఎంత దీసుకుంటవో నా కాడ గూడ గంతే. గీ పూటకు నేను గూడ అందరి లెక్కనే."

శుక్రవారం మధ్యాహ్నం ఏషియన్ టౌన్ దగ్గర ఎక్కించుకున్నాను. నలభై అయిదేళ్ళుంటాయి. రాడ్ కట్టీ కట్టీ వేళ్ళు పక్కకు వంగిపోయాయి. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య చర్మం తోలులా గట్టిపడింది. వెనక సీటు తలుపు తీస్తే వద్దని ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో ప్లాస్టిక్ సంచి పెట్టుకున్నాడు. అందులోంచి ఒక్కోటి తీసి నాకు చూపించాడు. ఇస్త్రీ చేసి పేపర్లో మడిచిన మూడు అంగీలు. నీలంది, గళ్ళది, తెల్లది. స్టిక్కర్ ఇంకా ఊడని నల్ల కళ్ళద్దాలు. దువ్వెన. చిన్న పౌడరు డబ్బా.

"ఒక్కో కాడ ఒక్కో అంగీల ఫోటో దియ్యాలె తమ్మీ. మూడు దినాలు తిరిగినట్టు కనవడాలె."

వచ్చే బుధవారం ఎగ్జిట్‌లో ఇంటికి పోతున్నాడట. ప్రపంచ కప్పు అయిపోయింది, పని సగానికి పడిపోయింది, కంపెనీ మందిని పంపించేస్తోంది. పన్నెండేళ్ళు ఇక్కడ పని చేశాడు. ఊరు చూడలేదు. క్యాంపు నుంచి బస్సులో సైటుకు, సైటు నుంచి బస్సులో క్యాంపుకు. శుక్రవారం బట్టలు ఉతుక్కోవడం, వండుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం.

మూడు అంగీలు ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. గల్ఫ్‌లో ఉన్నవాడు ఇంటికి పంపే ఫోటోలో ఒకదాని మీద ఒకటి వేసిన ఇనుప మంచాలు కనపడవు. పన్నెండుమందికి ఒక వంటగది కనపడదు. పక్కవాడి కూలింగ్ గ్లాసులు పెట్టుకుని ఏ పెద్ద కారు పక్కనో నిలబడతాం. ఇంట్లోవాళ్ళ మనసు నొచ్చుకోకూడదని అందరం చేసే పనే. పన్నెండేళ్ళు అట్లా కూడా ఒక్క ఫోటో పంపలేకపోయిన మనిషి పోయేముందు భార్యాపిల్లల కోసం ఒక్క పూట కొనుక్కుంటున్నాడు. ఇతనికి ఏ లోటూ రాకుండా చూపించాలనుకున్నాను.

నేషనల్ మ్యూజియం ముందు బండి ఆపాను. ఎడారి ఇసుకలో తనంత తాను పూవులా గడ్డకట్టే రాయి ఉంటుంది, ఎడారి గులాబీ అంటారు. దాన్ని చూసి జాన్ నువెల్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్ట్ గీసిన భవనం ఇది. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన 539 పెద్ద పళ్ళాలు. మధ్యలో పాత అమీరు షేక్ అబ్దుల్లా బిన్ జాసిం ఇల్లు అట్లాగే ఉంచారు. 2019 మార్చిలో తెరిచారు. అతను గోడ దగ్గరికి పోయి, కంటితోనే కొలతలు తీసుకుంటున్నవాడిలా పైకీ కిందికీ చూసి, "ఒక్క గోడ గూడ నిలువుగ లేదు. షట్టరింగ్ ఎట్ల జేసిండ్రో" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఇక్కడికి ఎంతోమంది చదువుకున్నవాళ్ళను తీసుకొచ్చాను. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

టికెట్ కోసం జేబు తడుముకుంటుంటే చెప్పాను. "ఖతర్ ఐడీ ఉన్నవాళ్ళకు పైసలు లేవన్నా."

కార్డు తీసి రెండువైపులా చూసుకున్నాడు. "గిది నా జేబులనే ఉండె గదా ఇన్నొద్దులు" అన్నాడు.

లోపల ముత్యాల గది దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను. అక్కడ బరోడా ముత్యాల తివాచీ ఉంది. 1865లో బరోడా రాజు ఖండేరావు గైక్వాడ్ చేయించినది. ఈ సముద్రంలోంచి తీసిన ముత్యాలు 15 లక్షలకు పైగా కుట్టారు. మదీనాకు కానుకగా పంపాలనుకున్నాడట. ఆ లోపలే ఆయన చనిపోవడంతో తివాచీ బరోడాలోనే ఉండిపోయింది. చివరకు 2009లో ఇక్కడ దోహాలోనే జరిగిన వేలంలో అమ్ముడుపోయి, పుట్టిన సముద్రం ఒడ్డుకే చేరింది. తెలుగువాళ్ళకు ఇంకో మాట కూడా చెప్తాను. నిజాముల కాలంలో హైదరాబాదులో బస్రా ముత్యాలని పేరు పడినవి ఈ గల్ఫ్ నీళ్ళవే. ఇక్కడి పడవలు వాటిని బొంబాయి చేర్చేవి, బొంబాయి సేట్లు చార్మినార్ దాకా తెచ్చేవాళ్ళు. ఈ దేశంలో 1966 దాకా చెలామణీ అయింది కూడా మన రిజర్వు బ్యాంకు రూపాయే.

అతని ధ్యాస తివాచీ మీద లేదు. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని నీళ్ళలోకి దిగుతున్న మనిషి బొమ్మ ముందు నిలబడ్డాడు. "గీయిన ఎవలు?"

చెప్పాను. ఎండాకాలం నాలుగు నెలలూ పడవ మీదే బతుకు. రాయి బరువుకు అడుక్కి పోవాలి, ఊపిరి ఉన్నంతసేపు గుల్లలు ఏరాలి, తాడు లాగితే పైనున్నవాడు గుంజుకోవాలి. రోజుకు ఎన్నోసార్లు. జీతం లేదు, దొరికిన దాంట్లో వాటా. పోయేముందు ఇంటి ఖర్చుకు పడవ పెద్ద, నకుదా, కొంత ముందుగా ఇచ్చేవాడు. ముత్యాలు సరిగా దొరక్కపోతే ఆ బాకీ అట్లాగే నిలిచేది. బాకీ ఉన్నంతకాలం మళ్ళీ ఏడు ఆ నకుదా పడవే ఎక్కాలి. తండ్రి పోతే బాకీ కొడుకు మీదికి వచ్చేది. 1930ల నాటికి జపానువాళ్ళు పెంచిన ముత్యాలు వచ్చి బజారు కూలిపోయింది. పడవలు ఒడ్డున పడ్డాయి, జనం తిండికి అల్లాడారు. ఆ పేదరికంలో ఉండగా దుఖాన్‌లో ఆయిలు తగిలింది.

"నకుదా అంటే ఏజెంటా?"

"కాదన్నా, పడవ ఆయన."

"బాకీ రాసుకునేటోడు అంటివి. ఏజెంటే."

ఆ బొమ్మ ముందు బెంచీ మీద కూర్చుని తన సంగతి చెప్పాడు. 2010 డిసెంబరులో ప్రపంచ కప్పు ఖతర్‌కు వచ్చిందని తెలిసిన కొన్నాళ్ళకే కోరుట్లలో ఏజెంటు దగ్గర జనం నిండిపోయారట. ఆ ఏజెంటు గోడకు ఒక ఫోటో ఉండేది. వెనక అద్దాల బిల్డింగులు, సముద్రం. ముందు ఇన్‌షర్టు చేసుకుని నవ్వుతున్న మనిషి.

"మన పక్కూరోడే అన్నడు. మాల్‌ల ప్యాకింగు పని, ఏసీ రూము, కూసుండి చేసే పని అన్నడు. నూటికి మూడు రూపాల మిత్తికి ఎనబై వేలు దెచ్చి కట్టిన. ఇమానం దిగినంక సనాయాల దించిండ్రు. తెల్లారి చేతుల బైండింగ్ వైరు వెట్టిండ్రు. మాల్ ఏది అంటే ఫోర్మెన్ నవ్విండు. పాస్‌పోర్టు ఆఫీసుల పెట్టుకున్నరు. మిత్తీ అసలూ తీరేసరికి అయిదేండ్లు వట్టింది."

ఆ రోజుల్లో కంపెనీ ఒప్పుకుంటేనే ఇంకో కంపెనీకి మారాలి, కంపెనీ సంతకం పెడితేనే దేశం దాటాలి. దేశం దాటడానికి ఆ సంతకం 2018లో చాలామందికి, 2020లో ఇంట్లో పనిచేసేవాళ్ళకు కూడా తీసేశారు. కంపెనీ మారడానికి అనుమతి కాగితం 2020లో తీసేశారు. ఈ మార్పులు కాగితం మీద ఉన్నంత బాగా క్యాంపుల్లో లేవు. అయినా అవి రావడం ఎంత పెద్ద సంగతో ముందు కాలం చూసిన మాకు తెలుసు.

"ఆ ఫోటోలో మనిషి ఇక్కడ కనిపించాడా అన్నా?"

"పన్నెండేండ్లల ఎక్కడ గానరాలె. ఏజెంటు మాత్రం మంచిగున్నడు. మూడంతస్తుల బంగ్లా కట్టిండు. ఊరికి పోయినప్పుడల్ల దాని ముందటికెల్లే మా ఇంటికి పోవాలె."

నాకు కడుపులో దేవినట్టయింది. ఈ విషయంలో నేను ఊరుకోలేను, ఎవరు దొరికినా చెప్తాను. మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం సర్కారు దగ్గర రిజిస్టరైన ఏజెంటు తప్ప ఇంకే ఏజెంటూ విదేశీ ఉద్యోగానికి మనుషులను తీసుకోకూడదు. రిజిస్టరైనవాడు కూడా 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప తీసుకోకూడదు. ఊళ్ళల్లో తిరిగే సబ్ ఏజెంటు అనేవాడికి ఆ చట్టంలో చోటే లేదు. 2019 నుంచి హైదరాబాదులోనే ఖతర్ వీసా సెంటర్ ఉంది. మెడికల్, వేలిముద్రలు, ఒప్పందం చదువుకుని సంతకం పెట్టడం అన్నీ అక్కడే, విమానం ఎక్కకముందే. పనేమిటో, జీతమెంతో అక్కడే తెలిసిపోతుంది. విజిట్ మీద పంపిస్తా, పోయినంక మారుస్తా అన్నాడంటే వాడు ముంచేవాడే.

"మా చిన్నమ్మ కొడుకు ఉన్నడన్నా. డిగ్రీ సగంల ఆపిండు. నన్ను కూడ తీస్కపో అని నాలుగేండ్ల సంది ఒకటే పోరు. వానికి ఇదే చెప్తున్న. లైసెన్సు చూడు, ఒప్పందం చదువు, రెండూ లేనిది రూపాయి తియ్యకు అని."

"ఇంటడా?"

"నా మాట ఇంటడు."

కాసేపు ఆలోచించి తల ఊపాడు. "ఇంటడు మరి. తెలిసినోని మాటయితే ఎవ్వలైన ఇంటరు."

మ్యూజియం బయట నీలం అంగీలో మొదటి ఫోటో తీశాను. వెనక ఆ పళ్ళాల గోడ. ఎవరో కూలీలు చీపుర్లతో అటుగా పోతుంటే వాళ్ళు దాటేదాకా ఆగమన్నాడు.

ముషైరిబ్‌లో బిన్ జెల్మూద్ ఇంటికి తీసుకుపోయాను. అర పూట టూర్లలో చాలామంది దాన్ని వదిలేస్తారు. అది చూపించకుండా దోహా చూపించానంటే నా మనసు ఒప్పుకోదు. ఒకప్పుడు బానిసల వ్యాపారి ఇల్లు అది. తూర్పు ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన మనుషులను కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. ముత్యాల పడవల్లో మునిగినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఆయిలు వచ్చాక కంపెనీలో కూలికి పోయినా జీతంలో పెద్ద భాగం యజమానికే పోయేది. 1952లో బానిసత్వం రద్దు చేశారు. ఆ కథ దాచకుండా, ఆ ఇంట్లోనే, 2015లో మ్యూజియం పెట్టారు. ఈ కాలంలో మనుషులను మోసం చేసి పనికి తెచ్చే పద్ధతుల గురించి కూడా అందులో ఒక భాగం ఉంది. సొంత గడ్డ మీద అట్లాంటిది పెట్టడానికి గుండె కావాలి. ఆ గౌరవం నాకు ఈ ఊరి మీద ఎప్పుడూ ఉంటుంది.

అక్కడ అతను అన్ని గదులకంటే ఎక్కువసేపు ఉన్నాడు. తెర మీద వచ్చేవన్నీ కూర్చుని చూశాడు. ఫోటో తియ్యనా అంటే మాత్రం, "ఈడ వద్దు" అన్నాడు.

బయటికి వస్తే పక్కనే మెట్రో స్టేషను. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు లైన్లు మూడూ కలిసే చోటు. ఈ మెట్రో సొరంగాలకు ఒకేసారి 21 యంత్రాలు తవ్వాయి, అది గిన్నిస్ రికార్డుకెక్కింది. నేను ఆ లెక్క చెప్తుంటే అతను కాలితో నేల తట్టి, కింద ఏ మూలన నీళ్ళు ఊరి పని ఆగిందో, ఏ నేపాలీ పిల్లవాడు కళ్ళు తిరిగి పడితే భుజాల మీద పైకి మోసుకొచ్చారో చెప్పాడు. ఆ స్టేషనులో ఎప్పుడైనా రైలెక్కావా అని అడిగాను. లేదట. టికెట్ రెండు రియాళ్ళు.

కార్నిష్‌లో గళ్ళ అంగీ. బండిలోనే మార్చుకున్నాడు, దువ్వుకున్నాడు, మొహానికి పౌడరు రాసుకున్నాడు, కళ్ళద్దాల మీది స్టిక్కరు నేనే గోటితో గీకి తీశాను. వెనక సముద్రం, దాని వెనక వెస్ట్ బే అద్దాల బిల్డింగులు. నిలబడే తీరు అతనికి ముందే తెలుసు. ఒక కాలు ముందుకు, ఒక చెయ్యి జేబులో. "బిల్డింగులు మొత్తం రావాలె తమ్మీ. నేను జెర చిన్నగ అచ్చినా మంచిదే" అన్నాడు. ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం బయటి నుంచే చూపించాను. కటారాలో పావురాల గోపురాలు, పెర్ల్‌లో పడవల రేవు. సముద్రంలో మట్టి పోసి కట్టిన ఈ దీవిలో ఇళ్ళ ధరలు అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నీళ్ళలోనే ఒకప్పుడు ముత్యాల కోసం మునిగేవాళ్ళని చెప్తే మాత్రం వంగి నీళ్ళలోకి చూశాడు.

లుసైల్ చేరేసరికి పొద్దు వాలింది. స్టేడియం బంగారు రంగులో మెరుస్తోంది. 88 వేల పైచిలుకు మంది పట్టే స్టేడియం. దాదాపు నెల కిందట, 2022 డిసెంబరు 18న, అర్జెంటీనా ఫ్రాన్సును పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తుకున్నది ఇక్కడే. అదే రోజు ఈ దేశపు జాతీయ దినం. ఊరంతా తెల్లవార్లూ నిద్రపోలేదు. అతను ఆ ఆట ఏషియన్ టౌన్ క్రికెట్ గ్రౌండులో పెద్ద తెర మీద చూశాడు.

"మందంత లేసి కేకలేస్తున్నరు. నేను వాళ్ళ కాళ్ళ కింది మెట్లు సూస్తున్న. గా తూర్పు దిక్కు రెండో అంతస్తు మెట్లకు రాడ్ మా గ్యాంగే కట్టింది. ఎండల రాడ్ ముట్టుకుంటె తోలు ఊడేది. పొద్దుగాల నాలుగింటికి మొదలువెట్టి పదింటి లోపు ఎంత కడ్తె గంత."

"ఇక్కడ తప్పకుండా దిగాలె అన్నా ఫోటో. నీ చేతి పని ఇది."

"వద్దు తమ్మీ. స్టేడియం ఫోటో సూస్తే కట్టుడు పని అని తెలిసిపోతది."

నేను బలవంతం చేయలేదు. చేసిన కష్టం ఇంట్లో తెలియకూడదనుకునే మనిషిని ఏమని ఒప్పిస్తాం?

అతనికి మాల్ కావాలి. లుసైల్‌లోనే ఒక పెద్ద మాల్‌కు తీసుకుపోయాను. శుక్రవారాలు మాల్స్‌లో కుటుంబాల రోజని చెప్పి ఒంటరి మగవాళ్ళను, అందులోనూ కూలీలని మొహం చూసి తెలిసేవాళ్ళను, గుమ్మంలోనే ఆపే అలవాటు ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు నడిచింది. ఆ భయం అతని నడకలో ఉంది. తెల్ల అంగీ వేసుకుని, నా వెనక, నా కార్డు చూసి లోపలికి వచ్చాడు. ఒక చాక్లెట్ల దుకాణం ముందు ఆగాడు. గాజు బల్ల మీద రిబ్బన్లు కట్టిన డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. లోపలున్న ఫిలిప్పీన్ అమ్మాయిని అడిగితే నవ్వి సరేనంది. ఆ డబ్బాల పక్కన నిలబడి, ఒక డబ్బా మీద చెయ్యి ఆనించాడు. మూడుసార్లు తీయించుకున్నాడు.

పార్కింగులో, తెల్ల ల్యాండ్ క్రూయిజర్ ముందు, ఆఖరి ఫోటోకు నన్ను కూడా రమ్మన్నాడు. అటుగా పోతున్న ఒక మలయాళీ తీశాడు. నేను భుజం మీద చెయ్యి వేయబోతే వద్దన్నాడు. నన్ను ముందు నిలబెట్టి, తను అడుగు వెనక, చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు.

"పక్కకు రా అన్నా."

"గిట్లనే ఉండనీ. నువ్వు టై సక్కగ జేసుకో. కార్డు జెర ముందటికి ఏసుకో."

తిరిగి ఏషియన్ టౌన్‌కు వచ్చి ఇద్దరం ఒకే బల్ల మీద బిర్యానీ తిన్నాం. పైసలు నన్ను ఇయ్యనీయలేదు. ఊరికి పోయి ఏం చేస్తావన్నా అని అడిగాను. కోరుట్ల బస్టాండు దగ్గర బామ్మర్ది ఒక మడిగె మాట్లాడి పెట్టాడట.

"కిరాణమా?"

"కాదు. నడుస్తది తమ్మీ. పన్నెండేండ్ల సంది నాకు తెలిసిన సరుకే."

ఆ రాత్రే ఫోటోలన్నీ పంపాను, వెలుతురు తక్కువైనవి సరిచేసి మరీ. దండం పెట్టే బొమ్మ ఒకటి తిరిగి వచ్చింది. తర్వాత ఆ నంబరు మోగలేదు.

ఉగాది దాటిన కొన్నాళ్ళకు చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో సంబరం ఆగడం లేదు.

"అన్నా, ఇంత దాసిపెట్టినవ్ ఏందే మా కాడ?"

"ఏం దాసిన్రా?"

"మేనేజర్ అయినవట గదా. ఊరంత తెలిసింది. మాకే చెప్పకపోతివి."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఫోటో పంపుతున్న సూడు."

నాలుగు ఫోటోలు వచ్చాయి. నీలం అంగీ, గళ్ళ అంగీ, తెల్ల అంగీ. మూడింటి కిందా ఒక్కటే రాత. ఖతర్‌ల మాల్ ప్యాకింగు వీసాలు. ఏసీ రూము. కూసుండి చేసే పని. నాలుగోదాంట్లో నేను ముందు, అతను చేతులు కట్టుకుని వెనక. దాని కింద, 'మా కంపెనీ మేనేజర్ సారు. బాల్కొండ ఆయనే. మనోళ్ళను మంచిగ సూసుకుంటడు.'

"పైసలు ఏమన్న కట్టినవా?"

"లక్షన్నర. మొన్ననే. విజిట్ మీద అచ్చి ఆడ మార్సుకునుడే అన్నడు."

"లైసెన్సు అడిగినవా? ఒప్పందం చూసినవా? నాలుగేండ్ల సంది నీకు ఏం చెప్తున్న?"

"నువ్వు మా అన్నవని చెప్పిన. చుట్టరికం బయటవడితె కంపినీ ఒప్పుకోదు, సారుకు ఫోన్ చెయ్యకు అన్నడు. పైసలు కట్టినంకనే గదా చేస్తున్న."

"ఒరేయ్, లైసెన్సు అడిగినవా లేదా?"

"వేరేటోడైతే అడిగేటోన్ని అన్నా. అమ్మ అయితె రూపాయి గూడ ఇయ్య అన్నది. ఫోటోల నిన్ను సూసినంక పుస్తెలతాడు తీసి చేతుల వెట్టింది."